తాండూరు బజారులో ‘బంద్’ అంటే

నేను నిచ్చెన దిగి ఎక్కువ కాలం కాలేదు. వయసు కూడా రిటైర్మెంట్ వయసు కాదు. అయినా మా పనిలో నిచ్చెన ఎక్కడం మానేసినవాణ్ని రిటైర్డ్ కిందే జమకడతారు. ఇప్పుడు హైదరాబాదులో ఒక చల్లని గదిలో కూర్చుని, తెరమీద పచ్చచుక్కలూ ఎర్రచుక్కలూ చూడడమే నా ఉద్యోగం. కొత్తగా చేరిన తమ్ముళ్లు భోజనాల దగ్గర “అన్నా, ఫీల్డ్‌ల ఉన్నప్పటి ముచ్చట ఏదన్న చెప్పు” అంటుంటారు. నేను ఒకటే చెబుతాను: ఎర్రచుక్క కనిపిస్తే వెంటనే యంత్రాన్ని అనుమానించకండి, ఆ ఊళ్లో ఆ రోజు ఏం తిథో ముందు కనుక్కోండి. వాళ్లు నవ్వి చేతులు కడుక్కోవడానికి లేస్తారు. మిగతా సంగతి చెప్పే అవకాశం దొరకదు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది కేబుల్ టీవీ నుంచి ఇంటర్నెట్‌లోకి వచ్చిన కంపెనీ. ఇంటింటికీ మా తీగ ఎలాగూ ఉంది కాబట్టి నెట్ కూడా ఇవ్వడం మొదలుపెట్టాం. కొన్నాళ్లు బాగానే నడిచింది. తర్వాత ఫోన్లలో నెట్ చవకయ్యేసరికి “ఫోన్ల ఉండంగ మల్ల తీగెందుకు?” అంటూ జనం కనెక్షన్లు తీసేయించుకోసాగారు. అప్పుడు హైదరాబాదు ఆఫీసులో మా పెద్దసార్ ఒక వ్యూహం తయారుచేశారు. చెడ్డ వ్యూహమేమీ కాదు. మా నెట్ తీసుకున్నవాళ్లకు ఇల్లంతా అందేలా వైఫై పెట్టాలి. వాళ్లు ఇల్లు దాటి బజారుకు వచ్చినా అదే పేరుతో, అదే పాస్‌వర్డుతో మా వైఫై దొరకాలి. ఇక ఫోన్ కంపెనీ నెట్‌తో వాళ్లకు పనేముంది? దీనికి ఆయన ‘గడప లోపల, గడప బయట’ అని పేరు పెట్టి పోస్టర్లు కూడా వేయించారు.

ప్రయోగానికి వికారాబాద్, తాండూరు తీసుకున్నారు. నేను ధారూర్ వాణ్ని. ఎలక్ట్రానిక్స్ చదివి, వికారాబాద్ ఆఫీసులో ఇంజనీరుగా చేరాను. ధారూర్ స్టేషన్లో నిలబడితే ఒక పక్కకు వెళ్లే బండి వికారాబాద్ తీసుకెళ్తుంది, ఇంకో పక్కకు వెళ్లేది తాండూరు. రెండు ఊళ్లకూ మధ్యలో పుట్టాను కాబట్టి రెండూ నాకు తెలుసని అనుకునేవాణ్ని.

వికారాబాద్ పని సులువుగా అయిపోయింది. కొత్త కాలనీలు, ఇటుక గోడలు, హాల్లో ఒక రూటర్ పెడితే వంటింటి దాకా సిగ్నల్ వచ్చేది. తాండూరులో మొదటి వారమే తెలిసొచ్చింది. అక్కడ రాయి అంటే నేలమీద పరిచేది మాత్రమే కాదు. పాత ఇళ్లలో గోడ రాయి, పైకప్పు రాయి, పెరటి చుట్టూ నిలబెట్టినవి బండలు, గోడలో బట్టలు పెట్టుకునే అర కూడా బండే. ఏ గోడ దాటితే సిగ్నల్ ఎంత తగ్గుతుందో చెప్పే పట్టిక ఒకటి మేం కాలేజీలో బట్టీపట్టాం. అందులో చెక్క ఉంది, ఇటుక ఉంది, గాజు ఉంది, కాంక్రీటు ఉంది. తాండూరు బండ లేదు.

వికారాబాద్ ఆఫీసులో ఫోన్లెత్తి ఫిర్యాదులు వినే అక్క ఒకామె ఉండేది. పరిగి నుంచి రోజూ బస్సులో వచ్చేది. ఎవరు ఏ గొంతుతో ఫిర్యాదు చేశారో అచ్చం అదే గొంతుతో మాకు వినిపించేది. తాండూరు నుంచి వచ్చిన మొదటి ఫిర్యాదు ఆమె నోట విన్నదే: “నెట్ ఇచ్చిన్రు గని అది దర్వాజ కాడ్నే నిలవడ్డది. లోపల్కి రమ్మంటె కొత్తకోడలు లెక్క సిగ్గువడుతున్నది.”

తాండూరు ఆఫీసు బాధ్యత కేబుల్ కాకది. ఊరంతా ఆయన్ని అలాగే పిలిచేది. డిష్‌లు కొత్తగా వచ్చిన రోజుల్లో తన మేడమీద ఇంత పెద్ద గొడుగు నిలబెట్టి ఊరికి సినిమాలు చూపించిన మనిషి. తర్వాత తన తీగలన్నీ మా కంపెనీకి అప్పగించి, మా బోర్డు కింద కూర్చున్నాడు. ఆయన దగ్గర నలుగురు లైన్‌మెన్ ఉండేవాళ్లు. కాక వాళ్లను “నా పిలగాండ్లు” అనేవాడు. ఆ పిలగాండ్లలో చిన్నవాడికే జుట్టు పలచబడింది. స్తంభాలెక్కడం తప్ప ఇంకో పని ఎరగని వాళ్లు.

ప్రయోగం మొదలయ్యే రోజు పెద్దసార్ ఫోన్లో మా అందరికీ సూటిగా చెప్పేశారు: “తాండూరు బజారులో బయటి వైఫై నిలబడితే అక్కడి ఆఫీసు ఉంటుంది. లేకపోతే ఆ ఊరి పని కూడా వికారాబాద్ నుంచే చూసుకుంటాం. ఒక్కసారి నేను స్వయంగా వచ్చి బజారులో నడిచి చూస్తాను. ఆ రోజే నిర్ణయం.”

ఫోన్ పెట్టేశాక కాక నావైపు తిరిగాడు. “వికారాబాద్ నుంచి చూస్కుంటరంటె నా పిలగాండ్లను ఇంటికి వొమ్మన్నట్టే గద, ఇంజనీర్ సాబ్?”

“గంత దూరం రానియ్యను కాకా” అన్నాను. చదువుకున్న ధైర్యం.

బయటి వైఫై పెట్టెలు ఎక్కడ పెట్టాలన్నది మొదటి ప్రశ్న. కరెంటు స్తంభాలకు పెడదామంటే అనుమతి ఎప్పుడొస్తుందో తెలియదు. అందుకని బజారులో పాత వ్యాపార కుటుంబాల వరసలో ఎనిమిది దుకాణాలు ఎంచుకున్నాం. బోర్డు పక్కన మా పెట్టె ఉంటుంది, అందుకు వాళ్లకు నెట్ ఉచితం, కరెంటు వాళ్లది. ఇక్కడ ఒకే ఒక్క సాంకేతిక విషయం గుర్తుపెట్టుకోండి. బయటి పెట్టెకు నెట్టూ కరెంటూ రెండూ ఒకే తీగలో వెళ్తాయి, ఆ తీగ దుకాణం లోపలి ప్లగ్గు దగ్గర మొదలవుతుంది. మిగిలిన కథంతా ఆ ప్లగ్గు మీదే వేలాడుతుంది.

ఎనిమిది దుకాణాల్లోనూ నేనే స్వయంగా అడిగాను, కాక పక్కనే ఉన్నాడు.

“సేటూ, గీ ప్లగ్ ఎవ్వరు తియ్యొద్దు.”

“మేమెందుకు తీస్తం? తియ్యం.”

“మీరు బంద్ ఎన్నిటికి పెడ్తరు?”

“తొమ్మిదికి బంద్.”

అన్నిచోట్లా ఇదే జవాబు. నాకు తృప్తిగా అనిపించింది. ఎందుకంటే ధారూర్‌లోనూ వికారాబాద్‌లోనూ నేను ఎరిగిన బంద్ అంటే షట్టరు లాగి తాళం వేయడం. లోపల ఫ్రిజ్ తన మానాన తాను గుర్రుమంటూనే ఉంటుంది. తాండూరులో ఆ వరసలో బంద్ అంటే వేరు. గల్లా మూస్తారు, లైట్లార్పుతారు, మెయిన్ స్విచ్ దించుతారు, ఆ తర్వాతే షట్టరు లాగుతారు, చివర్లో తాళాన్ని కళ్లకద్దుకుంటారు. వాళ్ల పెద్దల కాలంలో ఎప్పుడో తీగలు రాచుకుని ఒక దుకాణం బూడిదైందట. అప్పటినుంచి మెయిన్ దించకుండా ఎవరూ ఇంటికి పోలేదు. ‘ప్లగ్గు తియ్యం’ అని నాకిచ్చిన మాట అందరూ నిలబెట్టుకున్నారు. ఎవరూ ప్లగ్గు ముట్టుకోలేదు. మెయిన్ దించారంతే.

రోజూ తొమ్మిదింటికి పెట్టెలు ఆరిపోతుంటే ఎవరికీ తెలియలేదా అని మీరు అడుగుతారు. హైదరాబాదు తెరమీద వాడకం చూపించే ఎనిమిది గీతలూ కలిసికట్టుగా నేలకు దిగడం అందరికీ కనిపించింది. జనం ఇళ్లకు వెళ్లిపోయారు, వాడేవాళ్లు లేరు అని చదువుకున్నాం. పెద్దసార్ అయితే మెచ్చుకున్నారు కూడా: “ఎంత క్రమశిక్షణ ఉన్న బజారో చూడండి!” తాండూరులోనూ ఎవరికీ అనుమానం రాలేదు. బంద్ అయ్యాక బజారులో ఎవరుంటారు, ఉంటే నెట్టెందుకు? పొద్దున తెరవగానే పెట్టె మళ్లీ పచ్చగా వెలిగేది. అంతా బాగుంది.

పెద్దసార్ వస్తానన్న తేదీ ఆయన క్యాలెండరులో ఖాళీగా ఉన్న రోజు. ఆయన క్యాలెండరులో తిథులు ఉండవు. పెట్టెలు పెట్టి అప్పటికి ఇంకా నెల నిండలేదు. అంటే వాటికి అమాస ఎలా ఉంటుందో తెలియదు.

ఆ పొద్దున ధారూర్‌లో బండెక్కి కూర్చున్నానో లేదో అమ్మ ఫోన్ చేసింది.

“డబ్బ మర్చివోయినవ్ రా.”

“తాండూర్ల తింట తియ్యి.”

“ఇయ్యాల అమాస. కొత్త పనేది మొదలువెట్టకు.”

“కొత్తదేం లేదే. పాతదే సార్లకు చూపిచ్చేది.”

“సరే, జర పైలం.”

అమాస అనే మాట చెవిలో పడింది. కానీ సిగ్నల్ తాండూరు గోడ దగ్గర ఆగినట్టు ఆ మాట అక్కడే ఆగిపోయింది, బుర్రలోకి రాలేదు. నేను బ్యాగులోంచి ఆ రోజు పనుల జాబితా తీసి చూసుకుంటున్నాను. ఎండకు పెట్టె వేడెక్కితే ఏం చేయాలి, జనం ఒక్కసారిగా ఎక్కువైతే ఏం చేయాలి, లారీ తగిలి తీగ తెగితే ఏం చేయాలి, వాన వస్తే ఏం చేయాలి. అన్నిటికీ ఎదురుగా జవాబు రాసి ఉంది. కిటికీలోంచి కందిచేలు వెనక్కి పోతున్నాయి. మనసు హాయిగా ఉంది.

స్టేషన్ నుంచి నడుచుకుంటూ బజారు మలుపు తిరిగేసరికి కాళ్లు ఆగిపోయాయి. వరస మొత్తం షట్టర్లు దించి ఉన్నాయి. రోడ్డుమధ్యలో ఒక ఆవు తీరుబడిగా పడుకుంది. కాక నడుం మీద చేతులు పెట్టుకుని పైకి చూస్తూ నిలబడ్డాడు. ఎనిమిది పెట్టెల్లో ఒక్కదానిలోనూ పచ్చదీపం లేదు.

“కాకా, ఎవలన్న పోయిన్రా?”

“ఎవ్వరు వోలే. అమాస.”

“అమాస అయితే?”

“అయితే బంద్.”

“దుకాణం బంద్ అయితే పెట్టె ఎందుకారింది?”

“మెయిన్ దించిన్రు గద.”

“మెయిన్ ఎందుకు దించిన్రు?”

“బంద్ వెట్టిన్రు గద!”

ఇలా మేమిద్దరం రెండుసార్లు గుండ్రంగా తిరిగి మొదటికే వచ్చాం. అప్పటికి నాకు తెలివి వచ్చింది. “అంటే రోజు రాత్రి గూడ గిట్లనే దించుతున్రా?”

“మా తాతలకాన్నుంచి దించుతున్రు.”

“మరి నాకెందుకు చెప్పలే?”

కాక నావైపు జాలిగా చూశాడు. “పొద్దు పడమట గూకుతదని గూడ నీకు చెప్పలే గద ఇంజనీర్ సాబ్! నువ్వడుగుతె గద చెప్పేది. నువ్వు బంద్ ఎన్నిటికి అన్నవ్, ఆళ్లు తొమ్మిదికి అన్నరు. నీకు సమజైందనుకున్న.”

ఇద్దరం తెలుగే మాట్లాడాం, ఇద్దరికీ అర్థమైంది. ఒక్కొక్కరికి ఒక్కోలా అర్థమైంది.

లైన్‌మెన్ నలుగురూ మూసిన దుకాణం మెట్లమీద వరసగా కూర్చుని ఉన్నారు. ఇస్త్రీ చొక్కాలు వేసుకొచ్చారు ఆ రోజు. ఆ చొక్కాలవైపు చూడలేక నేను మళ్లీ పెట్టెలవైపు తిరిగాను.

ఫోన్ మోగింది. వికారాబాద్ నుంచి అక్క.

“పెద్దసార్ కార్ దిగిండు. ఛాయ్ తాగంగనే మీ దిక్కే వొస్తరట.”

“అక్కా, జర ఆపు. ఈడ బంద్.”

“బజార్ బందా? నెట్ బందా?”

“రెండు.”

అక్క గొంతు తగ్గించి అంది: “ఫికర్ చెయ్యకు. సార్‌కు నా ఫిర్యాదుల ముచ్చట మొత్తం చెప్త. పరిగి కాడ మొదలువెట్టి కుల్కచర్ల మీదికెల్లి తిప్పుకొస్త. ఆయన కుర్సీల గూసున్నడంటె నేను లెవ్వనియ్య. నువ్వు నీ పని జూస్కో.”

ఏ పని చూసుకోవాలో తెలిస్తే కదా. మెయిన్ స్విచ్‌లన్నీ షట్టర్ల లోపల ఉన్నాయి. తాళాలు వాటి యజమానుల దగ్గర ఉన్నాయి. యజమానులు దుకాణాల పైనే, మేడమీద ఇళ్లలో ఉన్నారు. “బట్టల దుకాణం వదినను అడుగుదాం. ఆమె సరే అంటె అందరు సరే అంటరు” అన్నాడు కాక.

పక్కసందులోంచి మెట్లెక్కి వెళ్లాం. ఆ ఇంటి పెద్దావిడను బజారంతా సావుకారమ్మ అంటారు. దుకాణం ఆమె కొడుకులు చూసుకుంటారు కానీ తాళం గుత్తి మాత్రం ఆమె నడుముకే ఉంటుంది. ఆమె నేలమీద బండపై చాప వేసుకుని కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. సంగతంతా చెప్పాను.

“అమ్మా, జర షట్టరెత్తి మెయిన్ లేపితె చాలు. ఎవ్వరికి ఏమి అమ్మేది లేదు. సార్లు పోంగనే మల్ల దించుకోండ్రి.”

“షట్టరెత్తుడంటె దుకాణం తెర్సుడే” అంది ఆమె, తల ఎత్తకుండానే. “అమాస నాడు మా మామ తెర్వలే, మా ఆయన తెర్వలే. నీ డబ్బా కోసం నేను తెర్వాల్నా?”

కాక ముందుకు వచ్చాడు. “వదినా, నలుగురు పిలగాండ్ల కడుపు మీది ముచ్చట. ఇయ్యాల సార్‌కు చూపియ్యకుంటె నా ఆఫీస్ ఎత్తేస్తరు.”

ఆమె చేతులాపి కాకను చూసింది. “నువ్వు ఈ బజార్ల పెరిగినోనివే గద. నా తావుల నువ్వుంటె తెరుస్తవా?”

అబద్ధం ఆడడానికి కాకకు మంచి అవకాశం. ఆయన నేలవైపు చూస్తూ, “తెర్వ” అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఒకరు తెరవనంటే ఇంకొకరు తానైనా తెరవనంటాడు, కింద నలుగురు ఇస్త్రీ చొక్కాలతో కూర్చున్నారు. ఆ ఇంట్లో తలమీద ఫ్యాను తిరుగుతోంది, మూలన ఫ్రిజ్ గుర్రుమంటోంది. నోరు జారింది.

“మరి గీ ఇల్లెప్పుడు బంద్ వెడ్తరమ్మా?”

వంటింట్లోంచి కోడలు గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. కాక నా మోచేయి గట్టిగా గిల్లాడు.

సావుకారమ్మ లేచి నిలబడింది. చిక్కుడుకాయలు ఒళ్లోంచి జారి బండమీద చెల్లాచెదురయ్యాయి. “ఏమన్నవ్? ఇల్లు బంద్ వెట్టాల్నా? అమాస నాడు, మనుమలు మనుమరాండ్లు తిరిగే ఇంట్ల నిలవడి గంత మాటంటవా? సదువుకున్నోనివేనా నువ్వు? దుకాణం బంద్ అయితది, బజార్ బంద్ అయితది. ఇల్లు బందయ్యేది పగోనిది! నేనీ ఇంటికొచ్చినకాన్నుంచి ఈడ దీపం ఆరలే. కరెంట్ వోతదని ఇన్వర్టర్ వెట్టిచ్చిన. తీర్థం వోయినా ఒక్కలన్న ఇంట్ల ఉంటం. తెల్సిందా?”

“తప్పయిందమ్మా” అన్నాను. నిజంగానే తప్పయిందని నోరు అంటోంది. చెవులు మాత్రం ఇన్వర్టర్ దగ్గరే ఆగిపోయాయి. గోడమీద మా కంపెనీ రూటరే పచ్చగా మినుకుమినుకుమంటోంది, ‘గడప లోపల’ వ్యూహంలో భాగంగా మేమే పెట్టింది. దాని పక్కన రోడ్డువైపు కిటికీ. ఆ కిటికీకి సరిగ్గా కింద, చెయ్యి చాపితే అందేంత దూరంలో, దుకాణం నుదుటిమీద ఆరిపోయిన మా పెట్టె.

ఇంటికొక తీగ లాగాం, దుకాణానికి వేరే తీగ లాగాం. ఒకే కట్టడం, రెండు తీగలు. వ్యూహంలో లోపలిది ఒక అధ్యాయం, బయటది ఇంకో అధ్యాయం కాబట్టి ఆ రెండూ నేను వేరువేరు పటాల్లో గీశాను. ఏ రోజూ ఒకదానిపక్కన ఒకటి పెట్టి చూడలేదు.

కాకవైపు చూశాను. ఆయన కూడా కిటికీనే చూస్తున్నాడు.

“వదినా” అన్నాడు మెల్లగా, “కిటికి తెర్వొచ్చునా?”

సావుకారమ్మకు ఇంకా ఆయాసం తగ్గలేదు. కానీ ప్రశ్న న్యాయమైనది. “కిటికి ఇంటిది. దుకాణానిది గాదు. తెరువు.”

నలుగురు లైన్‌మెన్ ఇస్త్రీ చొక్కాలు విప్పి మెట్లమీద మడతపెట్టి, బనియన్లతో నిచ్చెనలెక్కారు. ఇంటి రూటర్ నుంచి నెట్టూ, దాని పక్క ప్లగ్గు నుంచి కరెంటూ కలిపి ఒక తీగ కిటికీ చువ్వల్లోంచి కిందికి వదలడం, దుకాణం తీగ తీసి దీన్ని పెట్టెకు తగిలించడం. పని చిన్నదే. గోడకు రంధ్రం కొట్టొద్దని సావుకారమ్మ షరతు పెట్టింది. తీగ తన తులసికుండీకి తగలొద్దన్నది ఇంకో షరతు. పెట్టెలో పచ్చదీపం వెలగగానే ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి వరస మొత్తానికి వినబడేలా కేకేసింది:

“ఓ చిన్నమ్మా! కేబులోళ్లొస్తున్రు, కిటికి తెరువు! దుకాణం తెర్వనక్కర్లే, నేనడిగిన!”

పాత వరస, ఇంటింటికీ గోడ కలిసి ఉంటుంది. కేక ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి పాకింది. బజారు కింద మూసుకునే ఉంది, పైన మాత్రం కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఎనిమిదిలో ఆరు వెలిగించాం. ఒక ఇంట్లో ముసలాయన చెవికి మా పిలుపు అందలేదు. మందుల దుకాణం మీద ఇల్లే లేదు. అక్కడ నడుస్తుంటే కాసేపు సిగ్నల్ ఉండదు. అంతకంటే ఏం చేయలేం.

అక్క చేయాల్సిందంతా చేసి ఉంటుంది. పెద్దసార్ కారు దిగేటప్పటికి బాగా ఎండెక్కింది, ఆయన ముఖంలో కుల్కచర్ల దాకా తిరిగొచ్చిన అలసట ఉంది. చుట్టూ చూసి ఆశ్చర్యపోయారు.

“షాపులన్నీ మూసి ఉన్నాయేంటి?”

నేను నోరు తెరిచేలోగా కాక చేతులు కట్టుకుని అన్నాడు: “మీరొస్తున్రని బంద్ వెట్టిచ్చిన సార్. ట్రాఫిక్ ఉంటె మీకు నడువనీకి పరేషాన్ గావొద్దని.”

పెద్దసార్ నమ్మారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఫోన్ తీసి, హైదరాబాదులో ఉన్న డైరెక్టరు గారికి వీడియో కాల్ చేశారు. బజారు చూపిస్తూ నడవడం మొదలుపెట్టారు. ఒక పెట్టె దాటారు, రెండోది దాటారు. బొమ్మ ఆగలేదు. మూడోది, నాలుగోది. లైన్‌మెన్ మళ్లీ చొక్కాలు తొడుక్కుని వెనకాలే నడుస్తున్నారు. ముందు మందుల దుకాణం వస్తోంది. ఆయన ఇంకో పది అడుగులు వేస్తే డైరెక్టరు ముఖం గడ్డకట్టిపోతుంది.

“ఓ సారూ!” అని పైనుంచి కేక.

పెద్దసార్ ఆగి వెనక్కి తిరిగారు. సావుకారమ్మ కిటికీలో ఉంది. “మీరేనా పెద్దసారు?”

“నేనేనమ్మా.” ఆయన వెనక్కి నడిచి కిటికీ కిందికి వచ్చారు. ఫోను చేతిలో పైకెత్తే ఉంది. తెరమీద డైరెక్టరుగారికి ఆమె కనిపిస్తోంది.

“నెట్ మంచిగుంది. మా మనుమడు గా మూల అర్రల గూడ సూస్తున్నడు. గని మీ ఇంజనీర్ నోరే మంచిగ లేదు. పిలగాండ్లకు మాట్లాడుడు నేర్పరా మీరు?”

ఫోన్లోంచి డైరెక్టరు పగలబడి నవ్వడం బజారంతా వినిపించింది. కాల్ అక్కడితో ముగిసింది. మందుల దుకాణం దాకా వెళ్లే పని పడలేదు.

తర్వాత పెద్దసార్ కిటికీలోంచి దిగిన తీగను వేలితో తడిమి, “ఇది డిజైనులో లేదు కదా?” అన్నారు. లేదని చెప్పి, మెయిన్ స్విచ్‌తో మొదలుపెట్టి ఇల్లు బంద్ వరకూ అంతా చెప్పాను. కోప్పడతారనుకున్నాను. ఆయన తలూపి, “పోస్టరు మీద గడప అని వేయించాను. కిటికీ అని వేయించాల్సింది” అన్నారు. కారెక్కేముందు కాక భుజం తట్టి, ఆఫీసు బోర్డుకు రంగు వేయించుకోమన్నారు. తీసేసే బోర్డుకు ఎవరూ రంగు వేయించరు. కాకకు అది వెంటనే అర్థమైంది. లైన్‌మెన్‌కు మేం చెప్పాల్సి వచ్చింది.

ఆ వ్యూహం చివరికి ఏమైందని అడిగితే, బయటి వైఫై ఎక్కువకాలం బతకలేదు. జనం జేబుల్లోనే నెట్ తిరుగుతుంటే బజారులో మా పెట్టె పేరు వెతుక్కునే ఓపిక ఎవరికుంటుంది? వికారాబాద్ స్టేషన్ దగ్గర పెట్టినవి తీసేశాం. తాండూరులో మాత్రం చిత్రం జరిగింది. వీధి కోసం పెట్టి, ఇప్పుడు కిటికీ తీగతో రాత్రీపగలూ వెలుగుతున్న పెట్టె వల్ల మేడమీద ముందు గదులకూ వరండాలకూ సిగ్నల్ బాగా అందుతోందని ఆ ఇళ్లవాళ్లు గమనించారు. రాతిగోడల్లోంచి పోలేనిది, బయటినుంచి కిటికీల గుండా లోపలికి పోతోంది. పక్క వీధుల వాళ్లు కూడా “మాకూ కిటికి డబ్బా వెట్టుండ్రి” అని కాక దగ్గరికి రాసాగారు. ‘గడప లోపల, గడప బయట’ అన్న పోస్టరు వెలిసిపోయింది. కిటికి డబ్బా అనే పేరు నిలిచింది.

నేను ఇంకొంతకాలం ఆ రెండు ఊళ్ల మధ్యే తిరిగి, తర్వాత ఈ చల్లని గదికి వచ్చాను. ఇక్కడ అందరూ చదువుకున్నవాళ్లే, ఒకే భాష, ఒక మాటకు ఒకటే అర్థం. పని చాలా సాఫీగా జరుగుతుంది. ఒక్కోరోజు మధ్యాహ్నం ఆ సాఫీతనం విసుగనిపిస్తుంది. అక్క ఒకరి గొంతు అనుకరిస్తుంటే టీ గ్లాసు చేతిలోనే చల్లారిపోవడం గుర్తొస్తుంది. సాయంత్రం బండిలో తాండూరు నుంచి తిరిగొస్తుంటే బ్యాగు మీద, బూట్ల మీద, కనురెప్పల మీద బండల పాలిష్ యూనిట్ల తెల్లటి రాతిపొడి. ఇంటికెళ్తే అమ్మ “పిండిగిర్నిల పనికివోయినవా?” అనేది.

మొన్నామధ్య ధారూర్‌లో మా ఇంటికి ఒక గది కలిపి కట్టించాం. నేలకు బండలు కావాలి. ఎంచుకోవడానికి ఒక పొద్దున తాండూరు బయలుదేరాను. అమ్మ ఏదో చెప్పబోతుంటే బండికి టైమైందని వచ్చేశాను. స్టేషన్లో దిగి నేరుగా పాలిష్ యూనిట్‌కు వెళ్తే గేటుకు తాళం. కాపలా మనిషి బీడీ నోట్లోంచి తీసి, “ఇయ్యాల అమాస గద సార్” అన్నాడు.

తిరుగు బండికి చాలా సమయం ఉంది. బజారుకు నడిచాను. కాక ఆఫీసుకు వెళ్దామనుకుని, మలుపులోనే నాలో నేను నవ్వుకున్నాను. కాక మాత్రం ఎందుకు తెరుస్తాడు? బోర్డు మాత్రం కొత్త రంగుతో కనిపించింది. వరస మొత్తం షట్టర్లు దించి ఉన్నాయి. రోడ్డుమధ్యలో ఆ ఆవు లేదు, దాని దూడో మనుమరాలో ఉంది.

జేబులో ఫోన్ టపటపా కొట్టుకుంది. ఒక్కసారిగా మెసేజులు వచ్చి పడుతున్నాయి. తీసి చూస్తే, నేనే ఒకప్పుడు పెట్టిన పేరు, ఆ పాత వైఫైకి ఫోను తనంతట తానే అతుక్కుంది. తల ఎత్తాను. బట్టల దుకాణం మీద, తులసికుండీ పక్కనుంచి దిగిన తీగ చివర, రాతిపొడితో తెల్లబడ్డ పెట్టె. మధ్యలో చిన్న పచ్చదీపం.

కిటికీలో సావుకారమ్మ. జుట్టు పూర్తిగా నెరిసింది. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని నన్ను చూసింది.

“ఎవలు? నోరు మంచిగలేని ఇంజనీర్ వేనా?”

“నేనేనమ్మా.”

“డబ్బా తీస్కవోనీకొచ్చినవా?”

“లేదమ్మా. ఇంకా నడుస్తున్నదా అని చూస్తున్న.”

“నడువకేం?” అంది. కింద మూసి ఉన్న షట్టరు వైపు గడ్డంతో చూపించింది. “దుకాణం బంద్ గని, ఇల్లేమన్న...”

అక్కడ టక్కున ఆగి, నాలుక కరుచుకుంది. వేళ్లతో పెదాలమీద రెండుసార్లు తట్టుకుని, ఆ మాట పూర్తిచేయకుండా, “పైకి రా, ఛాయ్ తాగు” అంది.